స్త్రీల ఒంటి కొవ్వు, జన్యు వైవిధ్యం: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతం నేపథ్యంగా

స్త్రీ ఒంట్లో కొవ్వు ఎంత చేరుతుంది, ఎక్కడ చేరుతుంది అనేవి రెండు వేరు ప్రశ్నలు. మొదటి దానికి జవాబిచ్చే జన్యువులు ఎక్కువగా మెదడులో, ఆకలినీ కడుపు నిండిన తృప్తినీ నడిపే చోట పనిచేస్తాయి. రెండో దానికి జవాబిచ్చేవి కొవ్వు కణజాలంలోనే పనిచేస్తాయి. వీటి ప్రభావం మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో బలంగా కనబడుతుంది. మన ఇళ్లలో ఈ రెంటినీ కలిపేసి "ఒంటి తత్వం" అంటారు. "వాళ్లమ్మ పోలిక", "మేనత్త ఒళ్లు వచ్చింది", "నీళ్లు తాగినా లావెక్కుతుంది" అంటుంటారు. ఆ మాటల్లో ఎంత నిజముందో గత ముప్పై ఏళ్ల జన్యు పరిశోధన చాలావరకు తేల్చింది. పోలిక నిజమే. అయితే ఆ పోలిక బయటపడాలా వద్దా అన్నది తిండీ పనీ నిర్ణయిస్తాయి.

ఆ రెండూ ఒక తరంలోనే మారిపోయిన చోటు కర్నూలు జిల్లా పడమటి భాగం. ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు, నూనె మిల్లులకు పేరుపడి "రెండో బొంబాయి" అనిపించుకున్న ఊరు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ నేత సహకార సంఘాన్ని స్థాపించారు, 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఏటా "సుగ్గి"కి, అంటే పత్తి తీయడానికీ మిరప కోతలకూ, గుంటూరు వైపు వలస పోతాయి. సుగ్గిలో పొద్దు పొడిచింది మొదలు చేనులో వంగి పనిచేసే తల్లి, పట్నంలో అద్దె గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న కూతురు. ఇద్దరి రక్తం ఒకటే, ఒళ్లు మాత్రం ఒకటి కాదు. ఈ వ్యాసానికి కేంద్రం ఆ తేడాయే.

లావును ఎలా కొలుస్తారు

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తు వర్గంతో (మీటర్లలో) భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచమంతటా 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటారు. భారతీయులకు ఈ గీతలు కిందికి దించాలని మన వైద్యులు 2009లో ఏకాభిప్రాయానికి వచ్చారు: 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. అయిదడుగుల స్త్రీకి ఈ లెక్కన 53 కిలోల దగ్గర అధిక బరువు, 58 కిలోల దగ్గర ఊబకాయం మొదలవుతాయి. పాత లెక్కలో అయితే 69 కిలోల దాకా ఆమెను ఊబకాయురాలు అనరు.

గీతలు ఎందుకు దించాల్సి వచ్చిందో చెప్పడానికి ఒక ఫొటో చాలు. 2004లో లాన్సెట్ పత్రికలో పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన బొమ్మ అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూపుకు సన్నం, లోపల కొవ్వు. పూణే చుట్టుపక్కల పల్లెల్లో 1993 నుంచి సాగిన పరిశీలనలో పుట్టిన బిడ్డలే ఇలా ఉన్నట్టు తేలింది: సగటున 2.7 కిలోల చిన్న బిడ్డ, కండ తక్కువ, కొవ్వు మాత్రం తగ్గలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది బీఎంఐ 25 లేదా అంతకు పైన ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 24 శాతమే. ఇదే రాష్ట్రంలో స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత కూడా ఉంది. ఒంటికి కొవ్వు పట్టినంత మాత్రాన పోషణ అందినట్టు కాదని ఈ రెండు అంకెలను కలిపి చదివితే అర్థమవుతుంది. ఒక్కదాన్నే చూసి మాట్లాడేవాళ్ల మాట నేను నమ్మను.

ఎక్కడ చేరుతుంది: నడుమా, తుంటా

ఒకే బీఎంఐ ఉన్న మగ, ఆడ మనుషుల్లో ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు వాటా సుమారు పది శాతం ఎక్కువ. ఇది లోపం కాదు. ఈడు రావడానికీ, గర్భానికీ, పాలివ్వడానికీ కావలసిన నిల్వ అది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆ నిల్వ తుంటి, తొడల చర్మం కింద చేరుతుంది. అక్కడి కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది, గుండెకూ కాలేయానికీ పెద్దగా హాని చేయదు. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు అలా కాదు. అది విడిచిపెట్టే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి పోతాయి, ఇన్సులిన్ పట్టు సడలుతుంది, చక్కెర వ్యాధి దగ్గరవుతుంది.

ఈ చోటు నిర్ణయంలోనే జన్యువులు ఆడవాళ్ల పట్ల ప్రత్యేకంగా ప్రవర్తిస్తాయి. 2010లో ఒక అంతర్జాతీయ బృందం నడుముకూ తుంటికీ ఉన్న నిష్పత్తిని ప్రభావితం చేసే 14 జన్యు స్థానాలను ప్రకటించింది. వాటిలో ఏడింటి ప్రభావం స్త్రీ పురుషుల్లో వేరువేరుగా ఉంది, ఆ ఏడింటిలోనూ స్త్రీలలోనే బలం ఎక్కువ. 2015 నాటికి ఆ జాబితా 49 స్థానాలకు పెరిగింది. వాటిలో 20 ఆడ–మగ తేడా చూపాయి, ఆ ఇరవైలో 19 స్త్రీల వైపే మొగ్గాయి. ఇంత ఏకపక్షంగా ఉండే ఫలితం జన్యు శాస్త్రంలో అరుదు.

వీటిలో కేఎల్‌ఎఫ్14 అనే జన్యువు కథ చెప్పుకోవలసినది. ప్రతి జన్యువుకూ అమ్మ ఇచ్చిన ప్రతి ఒకటి, నాన్న ఇచ్చిన ప్రతి ఒకటి ఉంటాయి. మామూలుగా రెండూ పనిచేస్తాయి. కేఎల్‌ఎఫ్14లో నాన్న ప్రతి మూగది, అమ్మ ప్రతి ఒక్కటే పలుకుతుంది. దీనికి దగ్గరగా ఉన్న ఒక రూపాంతరం (జన్యు రాతలో చిన్న తేడా) తల్లి నుంచి వస్తే కూతురి కొవ్వు కణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో ఉబ్బుతాయి. కొవ్వు తుంటి నుంచి పొట్ట వైపు మళ్లుతుంది, బరువులో పెద్ద తేడా ఏమీ కనబడకుండానే చక్కెర వ్యాధి ముప్పు పెరుగుతుంది. తండ్రి నుంచి అదే రూపాంతరం వస్తే ఈ ఫలితం ఉండదు. కొడుక్కి వచ్చినా ముప్పు ఇంత ఉండదు. 2018లో వచ్చిన ఈ ఫలితాన్ని మొదటిసారి చదివినప్పుడు "అమ్మ పోలిక" అన్న మాట నాకు కొత్తగా వినిపించింది.

జన్యువుతో సంబంధం లేని ఒక విషయం ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ: 15–49 ఏళ్ల వారిలో 8.9 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, కొవ్వు తుంటిని వదిలి పొట్టకు చేరడం చాలా ఏళ్లు ముందే మొదలవుతుంది. ముప్పై అయిదేళ్ల కూలి స్త్రీకి ఆపరేషను తర్వాత "ఒళ్లొచ్చింది" అని చుట్టూ ఉన్నవాళ్లు అంటే ఆమె తత్వాన్ని నిందించడం న్యాయం కాదు.

ఎంత చేరుతుంది: ఎఫ్‌టీఓ, ఎంసీ4ఆర్

కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఒక సమాజంలో మనుషుల బీఎంఐల మధ్య ఉన్న తేడాల్లో 40 నుంచి 70 శాతం వారసత్వం వల్ల వస్తాయి. ఇది ఒక మనిషి బరువులో అంత వాటా జన్యువులదని కాదు. ఒకే రకం తిండి, పని ఉన్న జనంలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య తేడా ఎందుకొచ్చిందో చెప్పే లెక్క అది.

సాధారణ ఊబకాయానికి సంబంధించి మొదట గట్టిగా రుజువైన జన్యువు ఎఫ్‌టీఓ, 16వ క్రోమోజోమ్ మీద ఉంది. 2007లో బ్రిటన్ బృందం 38 వేల మందికి పైగా పరిశీలించి చెప్పింది ఇది: ముప్పు రూపం రెండు ప్రతులూ ఉన్నవారు ఒక్కటీ లేనివారి కన్నా సగటున మూడు కిలోల బరువు ఎక్కువ. ఆ రూపం ఉన్న పిల్లలు, పెద్దలు కొంచెం ఎక్కువ తింటారని, తిన్నాక తృప్తి ఆలస్యంగా కలుగుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. కొవ్వు కణాలు శక్తిని వేడిగా ఖర్చు చేయాలా, దాచాలా అనే నిర్ణయంలో కూడా దాని చేయి ఉందని 2015లో మరో బృందం చూపింది. ఎఫ్‌టీఓ జన్యువులోని ఆ భాగం నిజానికి దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే జన్యువులకు మీట లాంటిది.

తెలుగు నేలకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. పూణేలో యాజ్ఞిక్ బృందం, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బృందం కలిసి 2009లో ఎఫ్‌టీఓను భారతీయుల్లో పరిశీలించాయి. యూరప్ వాళ్లలో ఎఫ్‌టీఓ మనిషిని లావు చేసి, ఆ లావు ద్వారా చక్కెర వ్యాధి తెస్తుంది. బరువు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే ముప్పు మాయమవుతుంది. మనవాళ్లలో అలా పూర్తిగా మాయం కాలేదు. సన్నగా ఉన్నా చక్కెర వ్యాధి వస్తుందన్న మన వైద్యుల అనుభవానికి ఇది సరిపోయింది. చాందక్ బృందం తర్వాత హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల ఫ్యాక్టరీ కార్మికులనూ, పల్లెల్లో ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనూ కలిపి చూసిన వలస అధ్యయనంలో ఈ జన్యువునూ ఎంసీ4ఆర్‌నూ పరిశీలించింది. పట్నం పోయిన అన్న, పల్లెలో ఉన్న తమ్ముడు: ఒకే రక్తానికి రెండు జీవితాలు. సుగ్గి నేలకు ఇంతకన్నా దగ్గరి అధ్యయన పద్ధతి లేదు.

ఎంసీ4ఆర్ మెదడులో కడుపు నిండిందన్న కబురు అందుకునే గ్రాహకం. లండన్‌లోని భారత సంతతి వారి మీద జరిగిన అధ్యయనం 2008లో ఈ జన్యువు దగ్గరి ఒక రూపాంతరాన్ని పట్టుకుంది. అది యూరోపియన్లలో 27 శాతం, భారత సంతతి వారిలో 36 శాతం ఉంది. రెండు ప్రతులున్నవారికి నడుము సుమారు రెండు సెంటీమీటర్లు ఎక్కువ. రెండు సెంటీమీటర్లంటే తక్కువేమీ కాదు, 80 గీతకు అటూ ఇటూ ఉన్న స్త్రీకి అది హద్దు.

చెన్నై పట్టణ జనాభాలో 2016లో వచ్చిన ఫలితం మన తిండికి సూటిగా తగులుతుంది. రోజుకు సగటున 446 గ్రాముల పిండి పదార్థం తినేవారిలో ఎఫ్‌టీఓ ముప్పు రూపం ఉన్నవారికి ఊబకాయం అవకాశం లేనివారి కన్నా 2.46 రెట్లు. 446 గ్రాములంటే మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో మామూలు సంగతి. దీనికి ఎదురు సాక్ష్యం రెండు లక్షల మందికి పైగా పెద్దల మీద 2011లో జరిగిన సమీక్ష: ఒంటికి పని ఉన్నవారిలో ఎఫ్‌టీఓ ప్రభావం పావు వంతుకు పైగా తగ్గింది. జన్యువు అదే, మాట మెత్తబడింది.

ఒక్కొక్క జన్యువు బలాన్ని అతిగా ఊహించకూడదు. 2018లో ఏడు లక్షల మంది మీద జరిగిన అధ్యయనం బీఎంఐకి 941 జన్యు సంకేతాలను గుర్తించింది. అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాలో దాదాపు 6 శాతమే వివరించగలిగాయి. పైగా వాళ్లంతా యూరోపియన్ మూలాలవారు. ఆ లెక్కలతో తయారైన "ఊబకాయం స్కోరు" డబ్బు తీసుకుని చెప్పే పరీక్షలు ఇప్పుడు అమ్ముడవుతున్నాయి. ఎమ్మిగనూరు స్త్రీకి ఆ స్కోరు కన్నా నడుము కొలిచే ఒక టేపు ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

కరువు చేసిన ఒళ్లా?

1962లో అమెరికా జన్యు శాస్త్రవేత్త జేమ్స్ నీల్ "పొదుపరి జన్యువు" సిద్ధాంతం చెప్పాడు. కరువుల్లో కొవ్వు దాచుకోగలిగినవాళ్లే బతికి బట్టకట్టారు, వాళ్ల జన్యువులే మనకు మిగిలాయి, తిండి పుష్కలమయ్యాక అవే శత్రువులయ్యాయి అని. రాయలసీమలో ఈ మాట వినగానే ధాత కరువు గుర్తుకొస్తుంది. 1876–78 నాటి ఆ కరువులో అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా, పక్కనున్న కర్నూలు జిల్లా నడిబొడ్డున ఉన్నాయి. (ఆదోని 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో చేరింది.) 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో రాళ్లు కొట్టేవాళ్లకు బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ 1877లో ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కన్నా తక్కువ ధాన్యమూ, పైన కొంచెం డబ్బూ. మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని చంపే కొలత అని గట్టిగా ఎదిరించాడు.

అనేక దేశాల కరువు మరణాల లెక్కల్లో ఆడవాళ్లు మగవాళ్ల కన్నా కొంచెం ఎక్కువగా బతికి బయటపడ్డారు. ఒంట్లోని కొవ్వు నిల్వ దానికి ఒక కారణం. కాబట్టి నీల్ మాట ఇక్కడ నమ్మబుద్ధేస్తుంది. కానీ తూచి చూస్తే ఆగాలి. ధాత కరువు తర్వాత గడిచింది అయిదారు తరాలే. వందల జన్యువుల్లో ఒక్కొక్కదాని బలం ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఆ కొద్ది తరాల్లో వాటి పాళ్లు చెప్పుకోదగ్గంతగా మారవు. పైగా కరువులో ఎక్కువమందిని తీసుకుపోయింది కలరా, మశూచి, జ్వరాలు. వాటికి కొవ్వు అడ్డుగోడ కాదు. జీవశాస్త్రవేత్త జాన్ స్పీక్‌మన్ లాంటివారు 2007 నుంచి ఇదే వాదిస్తున్నారు. నీల్ సిద్ధాంతానికి అందంగా సరిపోయే ఉదాహరణ ఒకటి సమోవా దీవుల్లో 2016లో దొరికింది: అక్కడ దాదాపు సగం మందిలో ఉన్న ఒక రూపాంతరం ఒళ్లు పెంచుతుంది, కానీ చక్కెర వ్యాధిని తగ్గిస్తుంది. అది మన దగ్గర కనబడే బొమ్మకు తలకిందులు.

కరువు తరతరాలకూ మిగిల్చినది జన్యువు కన్నా గర్భం ద్వారా వచ్చి ఉండవచ్చు. పొట్టిగా, రక్తం లేక, పనిలో నలిగిన తల్లికి పుట్టిన చిన్న బిడ్డ తనకు అందిన కొద్ది పోషణను మెదడుకూ కొవ్వుకూ పెట్టి కండను తగ్గించుకుంటుంది. ఆ బిడ్డే ఆడపిల్ల అయితే మళ్లీ తల్లవుతుంది. పూణే పరిశీలన చూపిన సన్నం–కొవ్వు బిడ్డకు ఇదే ఎక్కువ నమ్మదగిన వివరణ అని నేననుకుంటాను.

కులం లోపలి పెళ్లి, మేనరికం

సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2009లోనూ 2017లోనూ చూపినదేమిటంటే, భారతదేశంలో ఎన్నో కులాలు తక్కువమంది పూర్వీకుల నుంచి పెరిగి, వేల ఏళ్లుగా లోపలి పెళ్లిళ్లతోనే నిలిచాయి. 2017 అధ్యయనంలోని 263 సమూహాల్లో 81కి ఇలాంటి బలమైన మూలం ఉంది. ఆంధ్ర వైశ్యులు అందులో ప్రసిద్ధ ఉదాహరణ. మత్తుమందు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించే ఒక ఔషధం వాళ్లలో కొందరికి ఎక్కువసేపు దిగకపోవడానికి కారణం అలా మిగిలిన ఒక రూపాంతరం. ఊబకాయం విషయంలో దీని అర్థం: ఒక కులంలో బలమైన రూపాంతరం పక్క కులంలో అసలు లేకపోవచ్చు. ఆదోని బజారులో, ఎమ్మిగనూరు నేత వీధుల్లో, పల్లె బోయ, కురుబ ఇళ్లలో "తెలుగు స్త్రీ" అనే ఒక్క జన్యు నమూనా లేదు.

దానికి తోడు మేనరికం. మేనమామ–మేనకోడలు పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక చోట ఒకే పూర్వీకుడి నుంచి రెండు ప్రతులూ రావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం, మేనబావ–మరదలు అయితే పదహారింట ఒకటి. సాధారణ లావుకు మేనరికం కారణం కాదు. కానీ అరుదైన, తీవ్రమైన ఊబకాయం దీనివల్ల బయటపడుతుంది. లెప్టిన్ అనేది కొవ్వు కణాలు మెదడుకు పంపే కబురు. 1997లో బ్రిటన్‌లో పాకిస్తానీ మూలాల ఇద్దరు దగ్గరి బంధువుల పిల్లల్లో లెప్టిన్ అసలే తయారు కావడం లేదని కేంబ్రిడ్జ్ బృందం కనుగొంది. 2015లో పాకిస్తాన్‌లో దగ్గరి పెళ్లిళ్ల కుటుంబాల్లోని తీవ్ర ఊబకాయపు పిల్లల్లో దాదాపు 30 శాతం మందికి ఏదో ఒక్క జన్యువులో లోపం కనబడింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దగ్గర దీనికి ఒక జంతు సాక్ష్యం ఉంది. ఆ సంస్థ 1920ల నుంచి లోపలి సంకరంతో పెంచిన విస్టర్ ఎలుకల్లో హఠాత్తుగా ఊబకాయపు ఎలుకలు పుట్టాయి. ఎన్.వి. గిరిధరన్ 1996లో వాటిని లోకానికి తెలిపారు. ఒక్క ప్రతి ఉన్న ఎలుక ఓ మోస్తరు లావు, రెండు ప్రతులున్నది భారీ లావు, పైగా దానికి సంతానం కలగదు. లెప్టిన్ కబురు పుష్కలంగా ఉన్నా మెదడు వినదు. మేనరికం లెక్కను ఇంతకన్నా స్పష్టంగా చూపే పాఠం మన ప్రాంతంలో లేదు.

జొన్న నుంచి సోనాకు

ఒక తరం కిందట ఈ నేలలో పూటకూడు జొన్నరొట్టె, సద్దరొట్టె, కొర్రన్నం. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు వరి తెచ్చాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పేద ఇంటికీ అన్నం చేర్చింది, ఆకలి తగ్గించింది. దాన్ని చెడు అనడం కడుపు నిండినవాళ్ల మాట. కానీ రొట్టె తట్టడానికి పట్టే పనీ, తిన్నాక ఆగే ఆకలీ రెండూ పోయాయి. కర్నూలు సోనా అన్నం తేలిగ్గా అరిగి మళ్లీ ఆకలేస్తుంది. పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, దానికి తోడు మిరపకాయ బజ్జీ. బొరుగులు తేలికే, బజ్జీ నూనె తేలిక కాదు.

పని కూడా అంతే. సుగ్గికి పోయే స్త్రీకి ఎఫ్‌టీఓ ముప్పు రూపం రెండు ప్రతులున్నా ఒళ్లు వచ్చే తీరిక లేదు. కండెలు చుట్టే నేతింటి స్త్రీ మాత్రం రోజంతా నేలమీద కూర్చునే పని చేస్తుంది. చేతులు ఆడతాయి, ఒళ్లు ఆడదు. ఆమె పనిని ఎవరూ కూర్చునే పని అనరు, ఎందుకంటే అలసిపోతుంది.

పరీక్ష, చికిత్స

అయిదేళ్ల లోపే ఆపలేని ఆకలితో విపరీతంగా లావెక్కిన బిడ్డకు, అందులోనూ మేనరికపు ఇంట, జన్యు పరీక్ష చేయించడం అవసరం. ఆ పిల్లను తిండిపోతు అని కొట్టడం ఆపడానికైనా అది చేయాలి. లెప్టిన్ లేని పిల్లలకు 1999 నుంచి లెప్టిన్ ఇంజెక్షన్ పనిచేస్తోంది. లెప్టిన్ గ్రాహకం, పీఓఎంసీ, పీసీఎస్‌కే1 జన్యువుల లోపాలకు సెట్‌మెలనోటైడ్ అనే మందును అమెరికా 2020 నవంబరులో అనుమతించింది. పెద్ద స్త్రీకి, మామూలు లావుకు, జన్యు పరీక్ష ఇప్పటికి చికిత్సను మార్చదు. తల్లికి చక్కెర వ్యాధి ఉందా, గర్భంలో తనకు చక్కెర పెరిగిందా, గర్భసంచి ఎప్పుడు తీశారు, నడుము ఎంత అన్న నాలుగు ప్రశ్నలు ఆమె వారసత్వాన్నీ జీవితాన్నీ కలిపి చెబుతాయి. దర్జీ దగ్గర జాకెట్టు కొలతకు వచ్చిన స్త్రీకి ఆ చివరి అంకె ముందే తెలుసు.